సైకిల్‌కి నీలం, ఆకుపచ్చ లైట్లు పెట్టుకోవచ్చా? పెడితే ఎక్కడ, ఎలా?

మా మేనల్లుడు వైజాగ్ ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) చదువుతున్నాడు. పెద వాల్తేరులో గది తీసుకుని, కాలేజీకీ ట్యూషన్లు చెప్పడానికీ సైకిల్ మీదే తిరుగుతాడు. పోయిన నవంబర్‌లో ఆన్‌లైన్‌లో ఒక లైట్ల సెట్టు తెప్పించుకుని మా ఇంటికి పట్టుకొచ్చాడు. ఏడు రంగులు మారతాయి, చిన్న రిమోట్ కూడా ఉంది. "మావయ్యా, ఇది వెనక పెట్టేస్తాను. ఎర్ర లైటు అన్ని బళ్లకీ ఉంటుంది. ఊదా రంగైతే దూరం నుంచే నన్ను ప్రత్యేకంగా గుర్తుపడతారు కదా" అన్నాడు.

వాడు అడిగింది సరైన ప్రశ్నే. వైజాగ్‌లో నవంబర్ చివరికి సాయంత్రం 5:20కే సూర్యుడు దిగిపోతాడు. కాలేజీలు, ఆఫీసులు వదిలే వేళకి చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో బస్సులు, ఆటోలు, పోర్టు లారీల మధ్య తొక్కేవాళ్లు తమని ఎలాగైనా గుర్తించాలని కోరుకోవడం సహజం. ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని వాడి సైకిల్‌కి లైట్లన్నీ మొదటి నుంచీ బిగించాం. ఏది ఎక్కడ పెట్టామో, ఎందుకు పెట్టామో చెబుతాను. మీరు కూడా ఒక పూటలో చేసుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు తెలుపు, వెనక ఎరుపు. ఈ రెండు చోట్లా ఇంకో రంగు వద్దు. వేరే రంగు పెట్టుకోవాలని ఉంటే దానికి చోటు సైకిల్ పక్కల్లో ఉంది.

బిగించే ముందు ఒకసారి సముద్రం వైపు చూడండి

రాత్రి ఎనిమిదింటికి ఆర్కే బీచ్‌లో నిలబడితే పోర్టులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఉన్న ఓడలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి కదిలిందంటే దాని రంగులు చూడండి. కదిలే ఓడకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు దీపం ఉండాలని 1972 నాటి అంతర్జాతీయ నియమాలు చెబుతాయి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకేసారి కనిపిస్తే ఓడ నేరుగా మన వైపే వస్తోందని అర్థం. ఒక్క ఎరుపే కనిపిస్తే దాని ఎడమ పక్క మన వైపు ఉందని అర్థం. చీకట్లో ఓడ ఆకారం కనబడకపోయినా, అది ఎటు పోతోందో రంగు చూసి తెలుసుకోవచ్చు. రైలు ఆఖరి పెట్టెకి ఉండే ఎర్ర దీపం కూడా ఇలాంటిదే. అది కనిపిస్తే బండి మొత్తం దాటిపోయింది, పెట్టెలేవీ వెనక తెగి ఉండిపోలేదు అని స్టేషన్ సిబ్బందికి తెలుస్తుంది.

రోడ్డు మీద కూడా లైటు రంగు చేసే పని ఇదే. మనం ఉన్నామని చెప్పడం దాని పనిలో సగమే. మన వీపు కనిపిస్తోందా, ముఖం కనిపిస్తోందా అన్నది మిగతా సగం. ఆటోవాడు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తున్నాడు, మీరు 15తో తొక్కుతున్నారు అనుకోండి. ఇద్దరూ ఒకే దిక్కులో వెళ్తుంటే మధ్య దూరం గంటకి 25 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుంది. 50 మీటర్లు తరగడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఎదురెదురుగా వస్తుంటే 55 చొప్పున తగ్గుతుంది, అదే 50 మీటర్లకి మూడు సెకన్లు చాలు. ఎర్ర లైటు చూస్తే అతను ఏమీ ఆలోచించకుండానే మొదటి లెక్క వేసుకుంటాడు, తెల్ల లైటు చూస్తే రెండో లెక్క. ఊదా రంగు చూస్తే ఏ లెక్క వేయాలో తెలియక, అదేమిటో తేల్చుకోవడానికే ఒకటి రెండు సెకన్లు ఖర్చు చేస్తాడు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. రెండేళ్ల కిందట నేను స్కూటర్ మీద సాగర్ నగర్ నుంచి జోడుగుళ్లపాలెం వైపు వస్తున్నాను. అప్పుడే చీకటి పడింది. ముందు ఎడమ పక్కన చిన్న నీలిరంగు వెలుగు కనిపించింది. రోడ్డు పక్క ఏదో బడ్డీకొట్టు లైటు అనుకున్నాను. బ్రేకు వేసేసరికి ఆ వెలుగుకీ నా ముందు చక్రానికీ మధ్య రెండు మూడు అడుగులే ఉంది. అది సైకిల్. తొక్కుతున్న కుర్రాడు బిత్తరపోయి, "లైటు ఉంది కదా అంకుల్" అన్నాడు. ఉంది, నాకు కనిపించింది కూడా. కానీ అది కదులుతున్న సైకిలని మాత్రం నాకు తట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఈ విషయం ఎవరు అడిగినా ఓపిగ్గా చెబుతున్నాను.

మన ఊళ్లో ఇంకో ఇబ్బంది ఉంది. బీచ్ రోడ్డు పొడుగునా హోటళ్లకి, దుకాణాలకి రంగురంగుల లైట్లు ఉంటాయి. వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ వస్తే వీధివీధికీ సీరియల్ సెట్లు వేలాడతాయి. ఊదా, గులాబీ, నీలం కనిపిస్తే డ్రైవర్ దాన్ని అలంకారం కిందే లెక్కేసి వదిలేస్తాడు. ప్రత్యేకంగా కనబడాలని పెట్టిన రంగు ఆ గుంపులో కలిసిపోతుంది.

రంగు లైట్ల వైపు నుంచి ఉన్న మంచి వాదన

దీన్ని కొట్టిపారేయకూడదు. సాయంత్రం పెరట్లో మందార చెట్టు దగ్గర నిలబడి చూడండి. వెలుతురు తగ్గేకొద్దీ ఎర్ర పువ్వులు ముందు నల్లబడతాయి, ఆకులు ఇంకా కాసేపు తెలుస్తూనే ఉంటాయి. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 1819లోనే దీన్ని గమనించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పగటి వెలుగులో మన కంటికి 555 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకి కొలత) దగ్గరి పసుపుపచ్చ కాంతి బాగా ఆనుతుంది. గాఢమైన చీకట్లో అది 507 దగ్గరి నీలిపచ్చ వైపు జరుగుతుంది. అంటే కటిక చీకట్లో, ముఖ్యంగా కంటి చివర నుంచి చూసినప్పుడు, సమానమైన శక్తి ఉన్న ఎరుపు కన్నా ఆకుపచ్చే తేలిగ్గా కనబడుతుంది.

కానీ డ్రైవర్ కన్ను కటిక చీకట్లో ఉండదు. అతని ముందు తన హెడ్‌లైటు వెలుగు ఉంటుంది, పైన వీధి దీపాలు ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా చీకటైపోయాక, ఇక్కడి పాత వీధి దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. ఇప్పుడు సిరిపురంలోనో మద్దిలపాలెంలోనో కన్ను పూర్తిగా చీకటికి అలవాటుపడే అవకాశమే లేదు. కాబట్టి ఆకుపచ్చకి ఉన్న ఆ మేలు చాలావరకు పోతుంది, అర్థం కాకపోవడం అనే నష్టం మాత్రం అలాగే ఉంటుంది. నీలానికి ఇంకో లోపం ఉంది. దూరంగా ఉన్న నీలి దీపం మీద మన కన్ను సరిగ్గా ఫోకస్ చేయలేదు, అందుకే అది చుట్టూ మసకగా, చెదిరినట్టు కనిపిస్తుంది. అది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టడం కష్టం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 108వది, బండి ముందుకి ఎర్ర లైటు, వెనక్కి ఎరుపు కానిది చూపకూడదంటుంది. ఇండికేటర్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 2017 మే 1 నుంచి వీఐపీల కార్ల మీద ఎర్రబుగ్గలు కూడా పోయాయి. మెరిసే నీలం, ఎరుపు దీపాలు అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు లాంటి అత్యవసర సేవలకి మిగిలాయి. సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి ఈ నియమం సైకిల్ గురించి రాసింది కాదు. అయితే మీ వెనక వచ్చే ప్రతి డ్రైవర్ కన్నూ ఈ నియమానికే అలవాటు పడి ఉంది, మీరు చూడాల్సింది అది. 1968 వియన్నా ఒప్పందం కూడా సైకిళ్లకి ముందు తెలుపు లేదా లేత పసుపు, వెనక ఎరుపు అనే చెబుతుంది. మెరిసే నీలం మాత్రం ఎక్కడా పెట్టకండి. అంబులెన్సుకి దారి ఇవ్వాలని అలవాటు చేసుకున్న మనిషిని ఉత్తినే తికమక పెట్టడం తప్పు.

వెనక లైటుతో మొదలుపెట్టండి

డబ్బు తక్కువ ఉంటే ముందు దీనికే పెట్టండి. వెనక నుంచి వచ్చేవాళ్లని మీరు చూడలేరు, వాళ్లే మిమ్మల్ని చూడాలి.

సీటు కింద రాడ్డుకి బిగించేటప్పుడు ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. ఆ రాడ్డు వెనక్కి వాలి ఉంటుంది. లైటుని దానికి ఆనించి కట్టేస్తే అది నేల వైపు చూస్తుంది. చిన్న ఎల్‌ఈడీల వెలుగు సన్నగా, సూటిగా పోతుంది కాబట్టి కొద్దిగా వంగినా దూరం నుంచి సగం కూడా కనబడదు. క్లిప్పు కింద మడతపెట్టిన పాత ట్యూబు ముక్క పెట్టి, లైటు నేలకి సమాంతరంగా వెనక్కి చూసేలా సరిచేయండి. తర్వాత సీటు మీద కూర్చోండి. మీ చొక్కా అంచు, బ్యాగు, వానాకాలంలో రెయిన్‌కోటు లైటు మీద పడుతున్నాయేమో వేరేవాళ్లని చూడమనండి. క్యారియర్ మీద బ్యాగు పెట్టే అలవాటుంటే లైటుని క్యారియర్ చివరకో మడ్‌గార్డుకో మార్చాలి.

వీలైతే రెండు ఎర్ర లైట్లు పెట్టుకోండి. ఒకటి నిలకడగా వెలగాలి, రెండోది నెమ్మదిగా మెరవాలి. మెరిసేది త్వరగా దృష్టిని లాగుతుంది. నిలకడగా వెలిగేది మీరు ఎంత దూరంలో ఉన్నారో అంచనా వేయనిస్తుంది. బ్రిటన్‌లో 2005 నుంచి సైకిళ్లకి మెరిసే లైట్లు ఒప్పుకున్నారు, నిమిషానికి 60 నుంచి 240 సార్ల లోపు మెరవాలని షరతు పెట్టారు. జర్మనీలో సైకిల్ లైటు మెరవనే కూడదు. నాకు రెండూ కలిపి వాడటమే నచ్చింది. ఆదివారం తెల్లవారుజామున గుంపుగా భీమిలి వెళ్తున్నప్పుడు మాత్రం మెరిసేది ఆపేయండి, వెనక తొక్కేవాళ్ల కళ్లు లాగేస్తాయి. రాత్రికి 20 నుంచి 50 ల్యూమెన్ల (లైటు ఇచ్చే వెలుగుకి కొలత) ఎర్ర లైటు సరిపోతుంది.

ముందు తెలుపు

వీధి దీపాలున్న రోడ్ల మీద 100 ల్యూమెన్లు చాలు. రుషికొండ దాటి తొట్లకొండ, మంగమారిపేట మీదుగా వెళ్లేవాళ్లకి చీకటి ముక్కలు తగులుతాయి. గుంత, ఇసుక, పడుకున్న కుక్క కనబడాలంటే 300 నుంచి 400 ఉండాలి. లేత పసుపు తెలుపు అయినా మంచిదే.

వంపు సరిచేయడానికి గోడ చాలు. సైకిల్‌ని గోడకి ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి, హ్యాండిల్ మీద లైటు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. వెలుగు మధ్యభాగం ఆ గీతకి జానెడు కింద పడాలి. అలా ఉంటే దాదాపు పాతిక మీటర్ల ముందు రోడ్డు మీద పడుతుంది, ఎదురొచ్చే వాకర్ల కళ్లలో పడదు. ముందు బుట్ట ఉన్న సైకిళ్లకి హ్యాండిల్ మీద లైటు పెడితే బుట్ట అడ్డొస్తుంది. బుట్ట ముందుకో, ఫోర్కుకో మార్చండి.

రంగులకి చోటు ఇక్కడ

జంక్షన్‌లో అడ్డంగా వచ్చే బండికి మీ ముందు లైటూ వెనక లైటూ రెండూ సరిగ్గా కనబడవు. పక్క నుంచి చూస్తే మామూలు సైకిల్ దాదాపు చీకటే. ఈ లోటు తీర్చడానికి రంగు లైట్లు నిజంగా పనికొస్తాయి. చక్రం పుల్లలకి బిగించిన లైటు తిరుగుతుంటే గుండ్రటి ఆకారం కనిపిస్తుంది. రెండు చక్రాలు పక్కపక్కనే దొర్లుతుంటే అది సైకిలేనని చిన్న పిల్లలకైనా తెలుస్తుంది. ఇక్కడ సైకిల్ ఎటు తిరిగి ఉందో ఆకారమే చెబుతోంది కాబట్టి రంగు మీద ఆ భారం లేదు.

మొదటి ఎంపిక నారింజ పసుపు. పెడల్ రిఫ్లెక్టర్లకి అదే రంగు కాబట్టి కళ్లకి పరిచయం. తర్వాత ఆకుపచ్చ. మా వాడు ఆకుపచ్చే తీసుకున్నాడు. నారింజ పసుపు పెడితే అది నిలకడగా వెలగాలి. మెరిస్తే మీరు మలుపు తిరగబోతున్నారని అనుకుంటారు. ముందు చక్రానికి ఎరుపు, వెనక చక్రానికి తెలుపు వద్దు. ఏటవాలుగా చూసేవాళ్లకి ముందూ వెనకా తారుమారు అవుతాయి. ఏడు రంగులూ మారే మోడ్ ఆపేసి ఒకే రంగు మీద ఉంచండి. నిజానికి రిమోట్ ఇంట్లో పెట్టేయడం మంచిది, తొక్కుతూ దానితో ఆడుకోవాలనిపిస్తుంది.

పుల్లలకి లైటు కట్టాక చక్రాన్ని చేత్తో తిప్పి, బ్రేకు రబ్బరుకి గానీ ఫోర్కుకి గానీ ఏదీ రాసుకోవట్లేదని చూడండి. స్ట్రిప్ లైటు వాడితే వైరు వదులుగా వేలాడకూడదు, ప్రతి జానెడుకీ ఒక జిప్ టై వేయండి. చవక పుల్లల లైట్లలో గుండీ బ్యాటరీలు ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాటి మూత స్క్రూతో బిగించేదే కొనండి. ఆ బ్యాటరీ మింగితే గొంతులోనే కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది, ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

లైట్లు పెట్టాం కదా అని రిఫ్లెక్టర్లు తీసేయకండి. అందంగా లేవని కొత్త సైకిల్ కొన్న రోజే పీకేస్తున్నారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. 2020లో కేంద్రం సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత కోసం ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది, వాటికి అంత విలువ ఉంది. ఛార్జింగ్ అక్కర్లేదు, పాడవడానికి వాటిలో ఏమీ లేదు. చీలమండలకి మెరిసే పట్టీలు కట్టుకుంటే ఇంకా మంచిది. పైకీ కిందికీ ఆడే కాళ్లు చూడగానే తొక్కుతున్న మనిషి అని మెదడు పట్టేస్తుంది.

ఇప్పుడు పరీక్షించండి

మేము ఎంవీపీ కాలనీలో రాత్రి తొమ్మిది దాటాక రద్దీ లేని వీధిలో చేశాం. ఒకరు సైకిల్ మీద, ఒకరు వంద అడుగుల అవతల స్కూటర్ మీద. సైకిల్ ఎదురుగా రావాలి, దూరంగా పోవాలి, అడ్డంగా దాటాలి, ఏటవాలుగా తిరగాలి. స్కూటర్ మీదున్న మనిషి ప్రతిసారీ కళ్లు మూసుకుని, తెరిచి, వెంటనే "వస్తోంది", "పోతోంది" లేదా "దాటుతోంది" అని చెప్పాలి. ఆలోచించాల్సి వచ్చిందంటే ఏదో ఒక లైటు తీసేయాలి. మా వాడి సైకిల్ ఎదురుగా వచ్చినప్పుడు చక్రం ఆకుపచ్చ ఎక్కువై ముందు తెలుపుని కప్పేసింది. దాన్ని తక్కువ వెలుగుకి మార్చాం. వాడు స్కూటర్ మీద కూర్చుని, నన్ను ఊదా లైటు వెనక పెట్టుకుని తొక్కమన్నాడు. రెండుసార్లు తప్పు చెప్పి, దాన్ని వాడే ఊడదీశాడు.

ఉప్పుగాలి సంగతి

సముద్రం దగ్గర తొక్కేవాళ్ల లైట్లు చెడిపోయేది ఎక్కువగా ఛార్జింగ్ రంధ్రం దగ్గరే. లోపలి రాగి భాగాలకి చిలుము పడుతుంది. వారానికోసారి తడి గుడ్డతో తుడిచి, ఆరాక ఛార్జింగ్ పెట్టండి. తడిగా ఉండగా మాత్రం పెట్టకండి. బ్యాటరీ మార్చే రకమైతే స్ప్రింగు మీద పలచగా వ్యాసెలిన్ రాయండి. రబ్బరు పట్టీలు ఎండకి పగిలిపోతాయి, బ్యాగులో రెండు జిప్ టైలు ఉంచుకోండి. అక్టోబర్, నవంబర్ తుపాను వానలు చూసుకుని నీటి చిమ్ములకి తట్టుకునే ఐపీఎక్స్4 రకం లేదా అంతకన్నా పైది కొనండి.

ఒక చిన్న ఎర్ర లైటు అదనంగా బ్యాగులో ఉంచుకోండి. దారి మధ్యలో వెనక లైటు ఆరిపోయి, అదనపుదీ లేకపోతే, ఫోన్ టార్చి వేసి వెనక్కి తిప్పి కట్టే ఆలోచన చేయకండి. వెనక వచ్చేవాళ్లకి అది ఎదురొస్తున్న బండిలా కనిపిస్తుంది. అప్పుడు దిగి, రోడ్డు దిగువగా ఎడమ పక్క నుంచి, వీధి దీపాలున్న చోటిదాకా సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్లండి. అక్కడి నుంచి ఆటో ఎక్కించుకోవచ్చు, లేదా ఇంట్లో వాళ్లకి ఫోన్ చేయవచ్చు.